ధ్యాస: మార్కులు బాగా వచ్చిన పరీక్ష

కిందటి వారం హైమను రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడ మెట్ల మీద వదిలి వచ్చాం. పక్కన భర్త శ్రీనివాసరాజు ఉన్నాడు. భీమవరంలో తెల్లవారగానే బయలుదేరిన ఇద్దరూ దారిలో పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. మేడ మీద గదిలో ప్రసన్నకుమారి గారు ఎదురుచూస్తున్నారు. జ్ఞాపకశక్తీ ఏకాగ్రతా ఏ పాటిగా ఉన్నాయో పరీక్షించి చూసే సైకాలజిస్టు ఆవిడ.

హైమ అక్కడిదాకా ఎందుకు వచ్చిందో కథ మొదటినుంచీ చదువుతున్నవారికి తెలుసు. మధ్యలో అందుకున్నవారి కోసం రెండు ముక్కలు. ఆమె భీమవరంలో ఒక ఆక్వా ల్యాబులో పని చేస్తోంది. రైతులు చెరువులో వదలబోయే రొయ్య పిల్లకు జబ్బు ఉందో లేదో చూసి చెప్పడం ఆమె పని. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఆమె కంటిని తప్పించుకున్న పురుగు లేదు. అటువంటి మనిషి వేసవిలో ఒకనాడు రెండు శాంపిల్ సీసాల మీద పేర్లు తారుమారుగా అంటించింది. పెదబాబు అనే రైతు జబ్బు పిల్లను మంచి పిల్లనుకుని చెరువులో వదిలాడు. పంట తుడిచిపెట్టుకుపోయింది. ఆ తప్పును ఇంకెవరో పట్టుకోలేదు, హైమే పట్టుకుంది. తనే పెదబాబు ఇంటికి వెళ్లి చెప్పింది. అతను తిట్టి ఉంటే ఆమె ప్రాణం కాస్త తెరిపిన పడేది. తిట్టలేదు. "మీరు చూశారన్నాక ఇంకేం ఆలోచిస్తామండీ, కళ్లు మూసుకుని వదిలేశాను" అన్నాడు. ఆ మాట ఆమెలో ముల్లులా ఉండిపోయింది.

ల్యాబు యజమాని కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమన్నాడు. భీమవరం డాక్టరు థైరాయిడ్ చూశాడు, నిద్ర గురించి అడిగాడు, దిగులు గురించి అడిగాడు. చివరికి, ధ్యాసను ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అనే మాట అన్నాడు.

"అది చిన్నపిల్లలకొచ్చేది కదండీ?" అన్నాడు శ్రీనివాసరాజు.

"ఆ పిల్లలు పెద్దవాళ్లవుతారు కదండీ మరి" అన్నాడు డాక్టరు. అని ఈ రాజమండ్రి చిరునామా ఇచ్చాడు.

పోయినసారి వచ్చినప్పుడు మాటల పరీక్షలు అయ్యాయి. మిగిలినవి ఈ రోజు.

*

గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడవారగా ఒక కంప్యూటరు. గోడలకు బొమ్మల్లేవు, క్యాలెండరైనా లేదు. కిటికీకి లేత ఆకుపచ్చ తెర వేసి ఉంది. ప్రసన్నకుమారి గారు యాభై దాటిన మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యాక కూడా ఒక్క క్షణం ఆగి గానీ తన మాట మొదలుపెట్టదు. ఆ ఒక్క క్షణంలో హైమ తను అనదలుచుకోని మాటలు కూడా అనేస్తోంది.

మొదట ఎర్రటివీ తెల్లటివీ కలిసిన చెక్క ముక్కలు బల్ల మీద పోసింది. ఒక కాగితం మీది ముగ్గులాంటి బొమ్మను చూపించి ఆ ముక్కలతో అలాగే పేర్చమంది. హైమ బొమ్మను చూసిందో లేదో, వేళ్లు పరుగెత్తాయి. తర్వాతది ఇంకొంచెం చిక్కుగా ఉంది. అదీ పేర్చేసింది. ఆ తర్వాతది. ఆఖరి బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆమె ముఖంలో చాలా రోజులుగా లేని వెలుగొకటి వచ్చింది.

"ఇంకా ఉన్నాయాండీ?" అని అడిగింది.

"అయిపోయాయండీ. నా దగ్గర ఇంతే ఉన్నాయి" అని ప్రసన్నకుమారి గారు నవ్వింది.

తర్వాత అంకెలు. ఆవిడ కొన్ని అంకెలు చదువుతుంది, హైమ అవే తిరిగి చెప్పాలి. అది బాగానే సాగింది. అప్పుడు, విన్నవాటిని చివరినుంచి మొదటికి చెప్పమంది. మూడంకెలు చెప్పింది. నాలుగు చెప్పింది. అక్కడినుంచి దోసిట్లో పట్టిన రొయ్య పిల్ల వేళ్ల సందుల్లోంచి జారినట్టు అంకెలు జారిపోవడం మొదలుపెట్టాయి. మొదటిది దొరుకుతుంది, ఆఖరిది దొరుకుతుంది, నడుమవి ఏమయ్యాయో తెలియదు. వాటిని వెతుక్కునేలోపు ఆ దొరికినవీ పోతాయి.

"ఇంకోసారి చదవరా?"

"చదవకూడదండీ. వచ్చినంతవరకు చెప్పండి, చాలు."

"మా ఆయన బజారుకి పంపిస్తే ఇలాగేనండి. ఉప్పు గుర్తుంటుంది, ఆఖర్న చెప్పిన అగ్గిపెట్టె గుర్తుంటుంది. నడుమ చెప్పినవన్నీ కొట్టువాడికే వదిలేసి వస్తాను" అంది హైమ. నవ్విద్దామనే అంది గానీ తనకే నవ్వు రాలేదు.

గుర్తులు చూసి రాసే కాగితం ఒకటి కూడా అయ్యాక, ఆఖరున కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే మెరిసి మాయమవుతాయి. ఏ అక్షరం వచ్చినా మీట నొక్కాలి, ఒక్క ఎక్స్ వస్తే మాత్రం నొక్కకూడదు. అంతే ఆట. పావుగంట పైచిలుకు.

ఇది ఏకాగ్రత పరీక్ష అని హైమకు చెప్పనక్కర్లేకపోయింది. ఇందులో నెగ్గాలి అనుకుంది. ఎందుకు నెగ్గాలో మాత్రం ఆలోచించలేదు. పరీక్ష అన్నాక నెగ్గాలి, అంతే. ఎడమ చేతి గోళ్లు అరచేతిలో గుచ్చుకునేలా పిడికిలి బిగించింది. ధ్యాస పక్కకు పోబోతుంటే గోళ్లు ఇంకా లోపలికి నొక్కింది. కింద వీధిలో ఎవరో తపేలాలకు మాట్లు వేస్తామని అరుచుకుంటూ పోతున్నాడు. ఆ అరుపు వెంట పోబోయిన మనసును జుట్టు పట్టుకుని లాగినట్టు వెనక్కి లాక్కొచ్చింది. అక్షరం, నొక్కు. అక్షరం, నొక్కు. ఎక్స్, ఆగు.

అయిందనేసరికి జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంది. కణతలు కొట్టుకుంటున్నాయి. వెనక కుర్చీలో కూర్చుని ఇంతసేపూ చూస్తున్న ప్రసన్నకుమారి గారు మంచినీళ్లు అందించింది.

"కాసేపు బయట కూర్చోండి. ఈలోగా రాజు గారితో మాట్లాడతాను."

*

బయట గదిలో సువార్తమ్మ అని ఒకావిడ వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటూ ఉంటుంది. హైమ ఆవిడకు ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. భర్త లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఏం చెబుతూ ఉంటాడు? పన్నెండేళ్ల కాపురం. ఐసు ఫ్యాక్టరీ నడిపే మనిషి అతను. ఏ లారీకి ఎన్ని దిమ్మలు ఎక్కాలో, ఏ చెరువు దగ్గర ఏ పొద్దున రొయ్యల పట్టుబడి ఉందో తల్లో పెట్టుకుని తిరుగుతాడు. ఐసు ఆలస్యమైతే రొయ్య పాడవుతుంది, రొయ్య పాడైతే రైతు పోతాడు. అంత లెక్క తెలిసిన మనిషికి, పాలు పొంగించే పెళ్లాం, తాళాలు ఫ్రిజ్‌లో పెట్టే పెళ్లాం, కూతురి స్కూలు ఫంక్షను మర్నాడు వెళ్లే పెళ్లాం దొరికింది. ఎన్ని చెప్పినా తక్కువే. చెప్పనీ.

తలుపు ఎంతకూ తెరుచుకోలేదు. గోడ గడియారం వైపు చూసింది. అది ఎప్పుడో ఆగిపోయి ఉంది.

"బ్యాటరీ అయిపోయిందాండీ?"

"కొత్తది వేశానండి, అయినా నడవట్లేదు" అంది సువార్తమ్మ.

ప్రసన్నకుమారి గారు తలుపు తెరిచేసరికి హైమ స్టూలు మీద నిలబడి ఉంది. గడియారం ఆమె చేతుల్లో రెండు ముక్కలై ఉంది. తలపిన్ను పెట్టి బ్యాటరీ దగ్గర తుప్పు గీకుతోంది. హ్యాండ్‌బ్యాగు నేల మీద బోర్లాపడి అందులోవన్నీ బల్ల కిందికి దొర్లిపోయాయి. ఆమె ఇంకా గమనించలేదు.

"ఒక్క నిమిషమండీ, అయిపోవచ్చింది" అంది తల తిప్పకుండానే. గడియారం ముల్లు ఠక్కున కదిలింది.

శ్రీనివాసరాజు ఆవిడ వెనకే వచ్చాడు. ఏమీ అనకుండా వంగి బల్ల కింద పడ్డవి ఏరి బ్యాగులో వేశాడు. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేదు. భోజనానికి వెళ్లినప్పుడూ చూడలేదు. గోంగూర పచ్చడి ఆమెకు ఇష్టమని తన విస్తట్లోది కూడా ఆమె విస్తట్లోకి జరిపాడు. ఏదో అడిగాడు. పరీక్ష అలసట ఇంకా వదలని హైమకు ఆ మాట చెవిన పడి కూడా బుర్రదాకా రాలేదు. "ఊఁ?" అంది. అతను మళ్లీ అడగలేదు.

*

మధ్యాహ్నం ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

"పూర్తి రిపోర్టు రాసి మీ డాక్టరు గారికి పంపిస్తాను. ముఖ్యమైనవి ఇప్పుడు చెప్తాను" అని మొదలుపెట్టింది ప్రసన్నకుమారి గారు. "మీ తెలివితేటలు మామూలు కంటే చాలా పైనున్నాయి హైమ గారూ. ఆ చెక్క ముక్కల పరీక్ష అంత చకచకా చేసినవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు. అంకెలు వెనక్కి చెప్పడం, గుర్తులు వరసాగ్గా చూసి రాయడం, వీటిల్లో మాత్రం మీ మిగతా స్థాయితో పోలిస్తే బాగా తగ్గారు. అంటే విన్నదాన్ని బుర్రలో పట్టి ఉంచుకుంటూ దాంతోనే ఇంకో పని చేయడం మీకు కష్టమవుతోంది."

"మరి కంప్యూటరు?"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "అది మామూలుగానే వచ్చిందండీ. బాగానే వచ్చింది."

"హమ్మయ్య" అన్నాడు శ్రీనివాసరాజు. కుర్చీలో వెనక్కి వాలాడు.

హైమ వాలలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఎందుకండీ హమ్మయ్య?" అంది చివరికి. గొంతు పెంచలేదు. "ఏకాగ్రత బాగానే ఉందిట. అంటే నాకేం లేదన్నమాట. అయితే ఇన్నాళ్లూ మా అత్తగారన్నదీ, మా ల్యాబులో వాళ్లన్నదీ నిజమేగా. నిర్లక్ష్యం. ఒళ్లు దగ్గర పెట్టుకోకపోవడం. పెదబాబు గారి చెరువు నా ఒళ్లు కొవ్వెక్కే పోయిందన్నమాట."

"అదేంటి హైమా, మంచి మాట చెప్తుంటే..."

"ఏదో ఒకటి ఉందంటే దాని పని పట్టొచ్చునండీ. మందేసుకుంటాను, పథ్యం చేస్తాను. ఏమీ లేకపోతే ఏం చెయ్యను? నన్ను నేను మార్చుకోవాలని చూడలేదనుకుంటున్నారా? గోడ మీద రాసుకున్నాను, చేతి మీద రాసుకున్నాను, కొంగుకి ముడేసుకున్నాను. ఆ ముడి ఎందుకేసుకున్నానో మర్చిపోయాను."

ఎవరూ నవ్వలేదు. ప్రసన్నకుమారి గారు తన కాగితాలన్నీ దగ్గరకు చేర్చి పక్కన పెట్టింది.

"హైమ గారూ, ఒక సంగతి సూటిగా చెప్తాను. ఇది ఉందో లేదో చెప్పడం ఆ కంప్యూటరు వల్ల కాదండీ. బీపీ మిషను బీపీ చూపించినట్టు దీన్ని చూపించే మిషను ఇంతవరకు లేదు. ఇది గట్టిగా ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఈ గదిలో కూర్చుని అది చక్కగా చేసేస్తారు. ఎందుకో మీరే చూడండి. ఈ గదిలో ఫోను మోగదు. పొయ్యి మీద పాలు లేవు. అమ్మా అని పిలిచే పిల్ల లేదు. కొత్త ఆట, పావుగంటలో అయిపోతుంది. పైగా వెనక నేను కూర్చుని చూస్తున్నాను. ఇన్ని ఆసరాలు మీకు మీ వంటింట్లో ఉంటాయా? ల్యాబులో రైతులందరూ ఒక్కసారే వచ్చి మీదపడితే ఉంటాయా?"

హైమ తన చేతుల వైపు చూసుకుంది.

"మీ ఎడం చెయ్యి చూపించండి."

హైమ సందేహిస్తూ చెయ్యి చాపింది. అరచేతిలో గోళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. శ్రీనివాసరాజు ముందుకు వంగి చూశాడు.

"మార్కులెన్ని వచ్చాయో కంప్యూటరు చెప్తుంది. ఎంత కష్టపడితే వచ్చాయో దానికి తెలీదు" అంది ప్రసన్నకుమారి గారు. "అది నేను వెనక కూర్చుని చూశాను. పరీక్ష అయ్యాక బయట ఏం చేశారో కూడా చూశాను."

"గడియారం బాగుపడిందిగా" అంది హైమ గొణుగుతున్నట్టు.

"బాగుపడింది. బ్యాగు సంగతి కూడా చూశానులెండి."

ఈసారి హైమకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు చెమర్చాయి.

"మరి ఈ పరీక్షలన్నీ ఎందుకండీ?" అనడిగాడు శ్రీనివాసరాజు. వ్యాపారస్తుడి ప్రశ్న అది. పనికిరాని దానికి రోజంతా ఎందుకు పోగొట్టామని అందులో ఉంది.

"ఆవిడ బుర్ర ఎక్కడ గట్టిదో, ఎక్కడ జారుతుందో తెలియడానికండీ. మతిమరుపు ఇంకే జబ్బువల్లో కాదని చూసుకోవడానికి. రేపు ల్యాబులో మళ్లీ కూర్చుంటే ఏ పని ఆవిడ ఒక్కరే చెయ్యొచ్చు, ఏ పనిలో ఇంకో మనిషి పక్కనుండి సరిచూడాలి అని చెప్పడానికి. అవునా కాదా అన్నది తేలేది మాత్రం చిన్నప్పటినుంచీ ఆవిడ బతికిన తీరునిబట్టి. అందుకే మిమ్మల్ని అంతసేపు కూర్చోబెట్టాను. లేనిది ఉందని మాత్రం నేను చెప్పనండీ, ఆవిడ బాధ చూసి కూడా చెప్పను." ఆవిడ మళ్లీ ఆ ఒక్క క్షణం ఆగింది. "రాజు గారూ, పొద్దున మీరు నాతో ఒక మాటన్నారు. అది ఆవిడతో ఎప్పుడూ అనలేదన్నారు."

శ్రీనివాసరాజు ముఖం కందిపోయింది. "ఇప్పుడెందుకులెండి."

"మీ ఇష్టమండీ. నేను చెప్పను."

"ఏంటండీ అది?" అంది హైమ.

అతను కిటికీ తెర వైపు చూశాడు. తర్వాత తన చేతి గడియారం వైపు చూశాడు. ఎంతటి పెద్ద బేరమైనా తొణక్కుండా మాట్లాడే మనిషికి మాటలు కూడగట్టుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"పెళ్లిచూపుల్లో నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"'నాకింకా చదువుకోవాలనుందండీ' అన్నావు. మీ వాళ్లు వినలేదు, చేసేశారు. నా మనసులో అది ఉండిపోయింది. నువ్వు నా పుట్టినరోజు మర్చిపోయావు, ఇంటికొచ్చిన మా అక్కావాళ్లని కూర్చోబెట్టి పక్కింటికెళ్లి మర్చిపోయావు, నేను చెప్పేది సగంలో ఉండగానే లేచి వెళ్లిపోయేదానివి. ప్రతిసారీ నేననుకున్నదొకటే. ఇష్టంలేని పెళ్లి, నా మీద ధ్యాస ఎక్కణ్ణుంచొస్తుంది అని." చేతి గడియారాన్ని మణికట్టు మీద ఓసారి తిప్పుకున్నాడు. "నాకు టైఫాయిడ్ వచ్చి ఆస్పత్రిలో ఉన్నాను చూడు, ఆరోజుతో నాకది ఖాయమైపోయింది. కారేజీ తెస్తానని వెళ్లినదానివి పొద్దు వాలాక వచ్చావు. కారేజీ లేదు. ఇంక అడగడం కూడా మానేశాను."

హైమ అతని వైపు తిరిగింది. పన్నెండేళ్లుగా ఈ మనిషి తనను విసుక్కోకపోవడానికి కారణం అతని ఓర్పు అనుకుంది. చాలాసార్లు దేవుడికి దణ్ణం కూడా పెట్టుకుంది. ఆశ వదులుకున్నవాడు కూడా అంత నెమ్మదిగానే ఉంటాడని ఆమెకు తోచలేదు.

"ఆరోజు కారేజీ కట్టానండీ" అంది మెల్లగా. "చారన్నం, పెరుగు. మూత కనపడలేదు. మూత కోసం అటకెక్కాను. అటక మీద మనం పారేద్దామనుకున్న టేబుల్ ఫాను కనపడింది. మీ వార్డులో గాలాడట్లేదని, ఒళ్లంతా చెమటలని పొద్దున్నే అనుకున్నాను కదా. ఇది బాగుచేస్తే మీ మంచం పక్కన పెట్టొచ్చు అనిపించింది. విప్పాను. చుట్టలో తీగ తెగిపోయింది. అది అతికేసరికి..."

ఆగింది. అతను కూడా ఆమె వైపు తిరిగాడు.

"ఫాను తెచ్చావు" అన్నాడు. "అవును. ఫాను తెచ్చావు ఆరోజు."

"తెచ్చానండీ. రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు. నిద్రపోతున్నారనుకున్నాను."

"నిద్ర కాదు. ఆకలి, కోపం." అతను ముఖం మీద చెయ్యి పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని హైమ కంగారుపడి లేవబోయింది. చెయ్యి తీసేసరికి నవ్వుతున్నాడు, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "పస్తున్నవాడికి ఫాను తెచ్చిందండీ మా ఆవిడ" అన్నాడు ప్రసన్నకుమారి గారితో. "ఆ వార్డులో అందరూ అదే గాలి కింద పడుకున్నారు. నేనొక్కణ్ణే గోడవైపు తిరిగి పడుకున్నాను."

హైమ బల్ల కింద అతని చెయ్యి వెతుక్కుంది. బయటివాళ్ల ముందు అలాంటివి చేసే అలవాటు వాళ్లిద్దరికీ లేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గోళ్ల గుర్తులున్న అరచేతిని తన బొటనవేలితో మెల్లగా రాశాడు.

ప్రసన్నకుమారి గారు లేచి కిటికీ తెర కొంచెం పక్కకు జరిపింది. అక్కడ ఆవిడకు పనేమీ లేదు. కాసేపు అక్కడే నిలబడింది.

*

"ఇంకొక్క పని మిగిలిందండీ" అంది తిరిగి వచ్చి కూర్చుని. "ఇది ఉన్నదీ అంటే చిన్నప్పుడే, పన్నెండేళ్లు నిండకముందే ఆ లక్షణాలు కనపడి ఉండాలి. పెద్దయ్యాక కొత్తగా ఊడిపడేది కాదు. మీ చిన్నతనం చూసినవాళ్లు చెప్పాలి. ఇంకోటి, ఇది చాలావరకు రక్తంలోనే వస్తుంది. మీ పుట్టింటివైపు ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ" అంది హైమ. "నాన్నగారు పోయారు. ఆయన పొలం గట్టు మీద నడిచినా తిన్నగా గీత గీసినట్టు నడిచేవారు. మా అమ్మకైతే ఇంట్లో కరెంటు పోయినా ఏ డబ్బాలో ఏముందో తెలుసు. వీళ్లకిలాంటి పిల్ల ఎలా పుట్టిందని మా అత్తింటివాళ్లు నవ్వేవాళ్లు."

తల్లి సూర్యావతి ఆకివీడులో ఉంటుంది. కూతురు రాజమండ్రి ఎందుకు వెళ్లిందో ఆవిడకు తెలుసు. అవసరమైతే ఫోను చేస్తామని ముందే చెప్పి ఉంచారు. అయినా ప్రసన్నకుమారి గారు ఫోను తెచ్చి బల్ల మీద పెట్టి నంబరు కలిపితే, చాలాసేపు మోగాక గానీ సూర్యావతి ఎత్తలేదు. అందరికీ వినపడేలా సైకాలజిస్టు స్పీకరు మీట నొక్కింది.

"నమస్కారమండీ సూర్యావతి గారూ. హైమ గారి చిన్నతనం గురించి రెండు మాటలు అడగాలండీ."

"అడగండమ్మా. అది కులాసాగా ఉందా?"

"ఇక్కడే ఉన్నానమ్మా" అంది హైమ.

బడి సంగతులు అడిగితే సూర్యావతి గొంతు విప్పారింది. పలక పోగొట్టని వారం లేదంది. ఒకటో తరగతి మేష్టరు, లెక్క చెప్పకముందే జవాబు చెప్పేస్తుందనీ, చెప్పాక ఇంకో పిల్ల జడ అల్లుతూ కూర్చుంటుందనీ ఇంటికొచ్చి చెప్పారంది. అన్నానికి పిలిస్తే వచ్చేది కాదు, వస్తే ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోయేది. దాన్ని బడికి పంపితే బడికి చేరిందో లేదో చూడ్డానికి వెనకాల ఇంకో మనిషిని పంపేవాళ్లం అని చెబుతూ ఆవిడే నవ్వింది. శ్రీనివాసరాజు కూడా నవ్వాడు. హైమకు ఆ నవ్వుల మధ్య కూర్చోవడం బాగుంది. ఇన్నేళ్లకు మొదటిసారి, తన గురించి చెప్పుకునే ఈ కథల్లో తనొక దోషిలా కూర్చోలేదు.

"చాలా బాగా చెప్పారండీ, ఇవే కావాలి నాకు" అంది ప్రసన్నకుమారి గారు రాసుకుంటూ. "ఇంక అంతకు ముందువి. కానుపు మామూలుగానే అయిందాండీ? నెలలు నిండాకే పుట్టారా?"

అవతల మాట లేదు.

"సూర్యావతి గారూ, వినపడుతోందాండీ?"

"వినపడుతోందమ్మా."

"పోనీ నడక ఎప్పుడొచ్చింది? మాటలు ఎన్నో ఏట వచ్చాయి? మీకు గుర్తున్నంతవరకు చెప్పండి, చాలు."

ఫోనులో ఎక్కడో దూరంగా లారీ హారను వినిపించింది. ఆవిడ ఊపిరి తీయడం వినిపించింది. పచ్చడి జాడీలు ఏ సంవత్సరంలో ఏవి పెట్టిందో కూడా మర్చిపోని తల్లి ఇంతసేపు తడుముకోవడం హైమ ఎన్నడూ ఎరగదు.

"అమ్మలూ, అల్లుడు గారు పక్కనున్నారా?"

"ఉన్నారమ్మా. ఏం?"

"ఉంటే ఉండనీలే. ఆయనకీ తెలియాల్సిందే." ఆ గొంతులో ఇందాకటి నవ్వు లేదు, కోపమూ లేదు. "డాక్టరమ్మ గారూ, నాకు గుర్తులేక కాదండి. ఆ నడక నేను చూడలేదండి. మా ఇంటికి తెచ్చుకునేటప్పటికే అది పరుగులు పెడుతోంది. మూడేళ్లు దాటి నాలుగు నడుస్తున్నాయి."

శ్రీనివాసరాజు బొటనవేలు ఆమె అరచేతిలో ఆగిపోయింది. హైమ ఫోను మీదికి వంగింది. పొద్దుటినుంచీ ఎంత పట్టి ఉంచుదామన్నా నిలవని ధ్యాస అంతా ఇప్పుడు ఆ ఫోను స్పీకరు జల్లెడ కంతల మీదే ఉంది.

"ఎక్కణ్ణుంచమ్మా? ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావు?"

"నరసాపురం నుంచి" అంది సూర్యావతి. "నీ చిన్నతనం గురించి అడగాలంటే అక్కడికే వెళ్లి అడగాలి తల్లీ. నిన్ను కన్నావిడ బతికే ఉంది. ఇందాక డాక్టరమ్మ గారు అడిగినవన్నీ వింటుంటే నాకావిడే కళ్లముందు మెదిలింది. ఆవిడా ఇంతే, హైమా. అచ్చం ఇంతే."